నాన్నగారి షష్టిపూర్తికి ఫలక్‌నుమా ప్యాలెస్: ఇద్దరికీ ఒక రాత్రి బసా, అందరం కలిసి డిన్నరా?

సైదాబాద్_శ్రావణి

అందరికీ నమస్కారం. ఫిబ్రవరిలో మా నాన్నగారి షష్టిపూర్తి. అదే నెలాఖరుకి రైల్వే ఉద్యోగం నుంచి రిటైర్ కూడా అవుతున్నారు. హోమం, మాంగల్యధారణ, బంధువుల భోజనాలు ఇంటి దగ్గరి ఫంక్షన్ హాల్లో పెట్టుకున్నాం, వాటికేం ఇబ్బంది లేదు. ఆ తర్వాత అమ్మానాన్నల్ని ఇప్పుడు తాజ్ హోటల్‌గా నడుస్తున్న ఫలక్‌నుమా ప్యాలెస్‌కి తీసుకెళ్ళాలని నాకూ తమ్ముడికీ మనసులో ఉంది. నాన్న సర్వీసులో సగం ఫలక్‌నుమా స్టేషన్ చుట్టుపక్కలే గడిచింది. గుట్ట మీది ప్యాలెస్‌ని కింద నుంచి చూడటమే తప్ప ఏనాడూ లోపల అడుగు పెట్టలేదు.

రెండు ఆలోచనలున్నాయి. వాళ్ళిద్దరికీ ఒక రాత్రి బస బుక్ చేసి పంపడం ఒకటి. లేదంటే అదే డబ్బుతో ఇంటిల్లిపాదీ, పది పన్నెండు మందిమి, అక్కడికి డిన్నర్‌కి వెళ్ళడం. అమ్మ పూర్తి శాకాహారి, ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టదు, మోకాళ్ళ నొప్పులు కూడా ఉన్నాయి. వెళ్ళొచ్చినవాళ్ళు వివరంగా చెప్పండి. అంత పెద్ద హోటల్లో వాళ్ళిద్దరూ బెరుకు లేకుండా ఉండగలరా అన్నదే నా టెన్షన్.

కొత్తపేట_రమణ

శ్రావణి గారూ, మా పెళ్ళయి పాతికేళ్ళయిన సందర్భంగా మేమిద్దరం అక్కడ ఒక రాత్రి ఉన్నాం. నా ఓటు బసకే.

డిన్నర్‌కని వెళ్తే చీకటి పడ్డాక వెళ్తారు, తిని వచ్చేస్తారు. ప్యాలెస్ గదులు చూసినట్టు ఉండదు. బస చేసేవాళ్ళ సంగతి వేరు. కింద గేటు దగ్గరే కారు దిగి గుర్రపు బగ్గీ ఎక్కుతాం. గుట్ట పైకి వెళ్ళే ఆ కాస్త దారిలోనే ఊరి రొద వెనకబడిపోతుంది. పైన దిగి మెట్లెక్కుతుంటే మేడ మీద నుంచి గులాబీ రేకులు కురిపిస్తారు. మా ఆవిడకి ముందు సిగ్గేసింది, ఆ తర్వాత కొంగు పట్టి రేకులు పోగుచేసుకుంది. అవి ఇప్పటికీ మా దేవుడి గూట్లో ఒక డబ్బాలో ఉన్నాయి.

సాయంత్రం పూట ప్యాలెస్ చరిత్ర చెప్పే ఆయన బస చేసినవాళ్ళని వెంటబెట్టుకుని గదులన్నీ చూపిస్తారు. దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ వదులుకోవద్దు. పాలరాతి మెట్లకి రెండు పక్కలా దీపాలు పట్టుకున్న పాలరాతి బొమ్మలు, గోడ పొడవునా గవర్నర్ జనరళ్ళ చిత్రాలు. పైన భోజనాల హాల్లో ఒకేసారి 101 మంది కూర్చునే బల్ల ఉంది, పొడవు 108 అడుగులు. ఒక చివర మెల్లగా మాట్లాడినా రెండో చివరకి వినపడేలా ఆ గది కట్టారని చెప్పి, మా ఆవిడని ఆ చివరకి పంపారు. ఆవిడ మా అబ్బాయి పేరు గుసగుసగా పలికింది. నాకు పక్కన నిలబడి పిలిచినంత స్పష్టంగా వినపడింది.

బెరుకు సంగతంటారా, మాతో బగ్గీ నడిపినాయన దగ్గర్నుంచి టిఫిన్ వడ్డించినమ్మాయి దాకా చాలామంది తెలుగులోనే మాట్లాడారు. మీ అమ్మగారు నోరు తెరిచి అడిగితే చాలు, పని జరిగిపోతుంది.

చరిత్ర_ప్రియుడు

రమణ గారు చెప్పిన ఆ బల్ల దగ్గరే 2017 నవంబరులో గ్లోబల్ ఎంట్రప్రెన్యూర్‌షిప్ సమ్మిట్‌కి వచ్చిన ఇవాంకా ట్రంప్‌కి ప్రధాని మోదీ విందు ఇచ్చారు.

వెళ్ళేముందు మీ నాన్నగారికి ఈ కథ చెప్పండి, చూసేటప్పుడు ఇంకా బాగుంటుంది. ఫలక్‌నుమాని నిజాం కట్టించాడని అందరూ అనుకుంటారు. కట్టించింది నిజాం కొలువులో 'పైగా' అని పిలిచే ప్రభువుల వంశానికి చెందిన నవాబు వికార్ ఉల్ ఉమ్రా. 1884లో శంకుస్థాపన జరిగింది, పూర్తవడానికి తొమ్మిదేళ్ళకు పైనే పట్టింది. నమూనా గీసింది విలియం వార్డ్ మారెట్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్ట్. పైనుంచి చూస్తే తేలు ఆకారంలో ఉంటుంది. రాజ్యానికి దివాన్‌గా చేసిన మనిషి కూడా ఆ ఖర్చుకి తట్టుకోలేక అప్పులపాలయ్యాడు. 1897 ప్రాంతంలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అక్కడ బస చేసి, ఆ మేడ మీద మనసు పడి, తనే తీసుకున్నాడు. ఆయన 1911లో కన్నుమూసింది కూడా అక్కడే.

నిజాం చేతికి వచ్చాక అది రాజ అతిథులకి విడిదిగా మారింది. ఐదో జార్జి, మేరీ రాణి, వాళ్ళబ్బాయి ఎనిమిదో ఎడ్వర్డ్ అక్కడ దిగినవాళ్ళే. చివరి పెద్ద అతిథి 1951లో మన తొలి రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్. ఆ తర్వాత ఎన్నో దశాబ్దాలు తాళాలు పడి ఉంది. మీ నాన్నగారు ఉద్యోగంలో చేరినప్పుడు కింద నుంచి చూసింది ఆ మూతబడిన మేడనే. ఏడో నిజాం మనవడు ముకర్రం జా మాజీ భార్య యువరాణి ఎస్రా దగ్గరుండి చూసుకోగా, తాజ్ వాళ్ళు పదేళ్ళపాటు మరమ్మతులు చేయించి 2010 నవంబరులో హోటల్‌గా తెరిచారు. గదులూ సూట్‌లూ కలిపి 60 మాత్రమే, అందుకే రద్దీ అనిపించదు.

లైబ్రరీలో తలెత్తి పైకప్పు చూడటం మరవకండి. ఇంగ్లాండ్‌లోని విండ్సర్ కోట లైబ్రరీ పైకప్పు నమూనాలో చెక్కిన వాల్‌నట్ చెక్క అది.

తార్నాక_వెంకట్

అందరూ ఒకవైపే చెప్తున్నారు కాబట్టి రెండో వైపు నేను చెప్తాను. సీజన్‌లో అక్కడ మామూలు గది ఒక్క రాత్రికే అర లక్ష దాటుతుంది. రిటైర్ అవుతున్న మనిషికి ఆ అంకె తెలిస్తే రాత్రంతా నిద్ర పట్టదు, మా నాన్నగారైతే కచ్చితంగా అంతే. పొద్దున చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్ళండి, కొద్దిపాటి టికెట్టే. నిజాముల పట్టాభిషేకాలు జరిగిన దర్బార్ హాలు, ఖిల్వత్ ముబారక్, అక్కడే ఉంది. షాండ్లియర్లు చూడటానికి రెండు కళ్ళూ చాలవు. పాత కార్లు కూడా ఉన్నాయి. శుక్రవారం మాత్రం సెలవు. మధ్యాహ్నం ఫలక్‌నుమాలో హై టీకి, అంటే చిరుతిళ్ళతో ఇచ్చే టీకి, ముందే టేబుల్ బుక్ చేసుకుంటే అందరూ లోపలికి వెళ్ళొచ్చు. మిగిలిన డబ్బుతో అమ్మానాన్నల్ని కాశీ పంపండి.

కొత్తపేట_రమణ

వెంకట్ గారూ, మీ లెక్క కాదనను. కానీ జీవితమంతా పిల్లల ఫీజులూ, ఇంటి లోనూ కట్టిన మనిషికి ఒక్క రాత్రి పిల్లలే ఖర్చు పెడితే అందులో దుబారా ఏముంది? కాశీకి ఆయన తన పెన్షన్‌తో వెళ్తారు. ఇక్కడికి మాత్రం తనంతట తాను ఎప్పటికీ వెళ్ళరు. నేను చూసింది అదే. మా ఆవిడ సొంతంగా అయితే ఆ గేటు దాకా కూడా వచ్చేది కాదు.

సైదాబాద్_శ్రావణి

రమణ గారు రాసింది చదివి తమ్ముడికి ఫార్వర్డ్ చేశాను. వెంకట్ గారూ, మీరన్నది కూడా నిజమే, నాన్న ధర అడగకుండా ఉండరు. అంకె చెప్పకుండా దాటవేసే బాధ్యత తమ్ముడిది. హై టీ ఆలోచన నాకు బాగా నచ్చింది. ఇంతకీ అమ్మ అక్కడ ఏం తినగలదు?

నల్లకుంట_లక్ష్మి

శ్రావణీ, మా అత్తగారు కూడా ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. ఆవిడ పుట్టినరోజుకి ఫలక్‌నుమాలోని అదా రెస్టారెంట్‌కి తీసుకెళ్ళాం. హైదరాబాదీ వంటలకి అదా, ఇటాలియన్ తరహా వంటలకి సెలెస్ట్. అమ్మానాన్నలకి అదానే మంచిది, తెలిసిన రుచులు ఉంటాయి.

బుక్ చేసేటప్పుడే ఫోన్‌లో చెప్పు, తర్వాత మెయిల్ కూడా పెట్టు. హైదరాబాదీ కూరల్లో మాంసం లేకపోయినా గ్రేవీకి ఉల్లిపాయ వేయించి నూరుతారు. బగారా బైంగన్, మిర్చీ కా సాలన్ రెండూ అంతే. అప్పటికప్పుడు టేబుల్ దగ్గర 'ఉల్లి లేకుండా' అంటే వంటవాళ్ళు పాపం ఏం చేయగలరు, ఉత్త పప్పూ పెరుగన్నమే మిగులుతాయి. మేం రెండు రోజుల ముందు చెప్పాం. అత్తగారికి విడిగా వండి, వేరే గిన్నెల్లో తెచ్చి, ఏది ఏమిటో ఆవిడకే వివరించారు. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

స్వీట్లలో ఖుబానీ కా మీఠా అడుగు. బయట చాలాచోట్ల చక్కెర పాకంలో ఆప్రికాట్ ముక్కలు వేసి ఇచ్చేస్తారు. ఇక్కడ పండు మెత్తగా ఉడికి, దాని పులుపు దానికి మిగిలి ఉంది. పైన గింజ పగలగొట్టి తీసిన పప్పు, పక్కన గడ్డ మీగడ. ఒక్క చెంచా పెట్టుకుంటే ముందు పులుపు తగిలి, ఆ తర్వాత మీగడ తీపి వస్తుంది. మా అత్తగారు మామూలుగా స్వీట్లు వద్దంటారు, ఆ రోజు గిన్నె ఖాళీ చేశారు.

ఇంకో మాట. స్లిప్పర్లు, షార్ట్‌లతో రెస్టారెంట్లలోకి రానివ్వరు. నాన్నగారికి పంచె, లాల్చీ నిశ్చింతగా నడుస్తాయి, మా మామగారు అలాగే వచ్చారు.

యూసుఫ్_మొఘల్‌పురా

అక్కా, నేను ఆ పక్కవాణ్ణే. దారి గురించి చెప్తాను, దీన్ని ఎవరూ పట్టించుకోరు, తర్వాత ట్రాఫిక్‌లో ఇరుక్కుని పండగ మూడ్ పాడుచేసుకుంటారు.

ఫంక్షన్ ఫిబ్రవరిలో అన్నారు. ఈసారి రంజాన్ ఫిబ్రవరిలోనే మొదలవుతుంది. నెలవంక కనపడితే సాయంత్రాలు చార్మినార్, శాలిబండ వైపు రోడ్డు మీద కాలు పెట్టే సందు ఉండదు, ఇఫ్తార్ ముందు ఒక రద్దీ, రాత్రి చేసే తరావీ నమాజు తర్వాత ఇంకో రద్దీ. సైదాబాద్ నుంచి అటు రావద్దు. చాంద్రాయణగుట్ట వైపు నుంచి వచ్చి ఇంజన్ బౌలి దగ్గర తిరిగితే నేరుగా గేటు. మధ్యాహ్నం చెకిన్ వేళకే వచ్చేయండి. వేరే నెలల్లో ప్లాన్ చేసేవాళ్ళకి కూడా: లాల్ దర్వాజా బోనాల ఆదివారం, ఆ మర్నాడు ఘటాల ఊరేగింపు రోజు, వినాయక నిమజ్జనం రోజు ఇటు రాకండి. బాలాపూర్ గణేశుడు వెళ్ళేది ఫలక్‌నుమా, అలియాబాద్, చార్మినార్ మీదుగానే.

తిండి విషయంలో, నాన్నగారు మాంసం తింటే పత్థర్ కా గోష్త్ తప్పక చెప్పండి. రాతి పలక కింద నిప్పులు పెట్టి, ఆ వేడి రాయి మీద పల్చటి మాంసం ముక్కలు కాలుస్తారు. ఆరో నిజాం వేటకి వెళ్ళినప్పుడు పుట్టిన వంట అని మా పెద్దవాళ్ళు చెప్తారు. హైదరాబాద్ మాంసం వంటల్లో నాకు బిర్యానీ కంటే ఇదే ఎక్కువ ఇష్టం. ఆ రాయి మీద నుంచి తీసి వెంటనే తినాలి, ప్లేట్‌లో ఆరనిస్తే రుచి పోతుంది.

చరిత్ర_ప్రియుడు

యూసుఫ్ భాయ్ మహబూబ్ అలీ ఖాన్ మాట ఎత్తారు కాబట్టి ఇది కూడా. ప్రసిద్ధమైన జాకబ్ వజ్రం కొన్నది ఆయనే. 184.75 క్యారెట్లు. ఆ బేరం కోర్టు దాకా వెళ్ళడంతో ఆయనకి దాని మీద విరక్తి పుట్టింది. ఆయన పోయాక కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌కి అది తండ్రి బూటు ముందు భాగంలో దొరికిందనీ, పేపర్ వెయిట్‌గా వాడుకున్నాడనీ చెప్తారు. 1995లో కేంద్ర ప్రభుత్వం నిజాం నగలని 218 కోట్లకి కొన్నప్పుడు అదీ అందులోనే వచ్చింది. ప్యాలెస్ చూపించేటప్పుడు ఈ కథ వస్తుంది, నాన్నగారు ముందే తెలిసి వింటే ఆ ఆనందం వేరు.

లెక్కల_భాస్కర్

కథలు బాగున్నాయి, ఇప్పుడు బిల్లు. నేను ఆడిట్ పనిలో ఉన్నాను కాబట్టి ఇది నా బాధ్యత అనుకుంటాను.

రోజు అద్దె 7,500 రూపాయలు దాటిన గదికి జీఎస్టీ 18 శాతం. అలాంటి ఖరీదైన గదులున్న హోటల్లోని రెస్టారెంట్ బిల్లుకి కూడా 18 శాతమే, బయటి మామూలు హోటల్లో లాగా 5 శాతం కాదు. కాబట్టి వెబ్‌సైట్‌లో కనిపించిన ధరకి దాదాపు ఐదో వంతు కలుపుకుని లెక్క వేసుకోండి. పన్నెండు మంది డిన్నర్‌కి ఇది చిన్న మొత్తం కాదు.

సర్వీస్ ఛార్జ్ వేరు. అది పన్ను కాదు, ప్రభుత్వానికి వెళ్ళదు. దాన్ని బిల్లులో తమంతట తాముగా కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో ఆదేశించింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. ఊళ్ళోనే ఒక పెద్ద హోటల్లో మా అమ్మాయి పుట్టినరోజు బిల్లులో అడక్కుండా కలిపారు. తీసేయమని మర్యాదగా అడిగాను, అరగంట నిలబెట్టారు, చివరికి తీశారు. అతిథుల ముందు అలా నిలబడటం ఎంత ఇబ్బందో నాకు తెలుసు. అందుకే శ్రావణి గారూ, ఏ హోటల్ అయినా సరే, బుకింగ్ మెయిల్‌లోనే 'మొత్తం ఎంత, అందులో ఏమేం ఉన్నాయి' అని రాయించుకోండి. మాట వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

రద్దు షరతులు కూడా చదవండి. తక్కువ ధరకి దొరికే గదులు చాలావరకు డబ్బు వాపసు రానివి. ఇంట్లో పెద్దవాళ్ళున్నప్పుడు నాలుగు డబ్బులు ఎక్కువైనా రద్దు చేసుకునే వీలున్నదే తీసుకోండి.

డల్లాస్_కిరణ్

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా చెల్లి పెళ్ళి అక్కడ చేయాలని మావాళ్ళ పట్టు. 2014లో సల్మాన్ ఖాన్ చెల్లెలు అర్పిత పెళ్ళి అక్కడే జరిగింది కదా, అప్పటి నుంచి మా పిన్నికి అదే కల. తెలుగు పెళ్ళికి కుదురుతుందా?

వేడుకల_సుధ

కిరణ్ గారూ, నేను పెళ్ళిళ్ళు, ఫంక్షన్లు ఏర్పాటు చేసే పనిలో ఉన్నాను. ఇలాంటి పాత కట్టడాల్లో కుదరనిది అంటూ ఉండదు, ముందుగా అడగకపోతేనే ఇబ్బంది. మీరు మొదట తేల్చుకోవాల్సింది ముహూర్తం. మన ముహూర్తాలు అర్ధరాత్రి, తెల్లవారుజామున పడతాయి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆరుబయట లౌడ్ స్పీకర్లు, వాద్యాలు పనికిరావని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలే చెప్తున్నాయి. అంటే రాత్రి రెండింటి ముహూర్తానికి ఆరుబయట మైకూ, సన్నాయీ లేకుండా మంత్రం మాత్రమే. నాకైతే అదే అసలైన పెళ్ళి అనిపిస్తుంది, కానీ డీజే కావాలనే వాళ్ళు పగటి లగ్నం పెట్టించుకోవాలి. రెండోది హోమగుండం. పాత చెక్క పైకప్పులు, తెరలు, చిత్రపటాలు ఉన్న గదుల్లో నిప్పు పెట్టనివ్వరు, పెట్టనివ్వకూడదు కూడా. ఆరుబయట ఎక్కడ వేయాలో వాళ్ళతోనే రాతలో ఖాయం చేసుకోండి. మూడోది, మీకు నాలుగైదు వందల మంది వస్తారు కదా. 60 గదుల హోటల్లో అందరికీ బస దొరకదు. దగ్గరి బంధువుల మధ్య పెళ్ళి అక్కడ, రిసెప్షన్ వేరే హాల్లో పెట్టుకున్నవాళ్ళే సంతోషంగా తిరిగి వెళ్ళడం చూశాను.

శ్రావణి గారూ, మీరు హోమం వేరే చోట పెట్టుకుని తెలివైన పని చేశారు. నా సలహా ఒకటే. షష్టిపూర్తి రోజునే రాత్రికి అక్కడికి పంపకండి. తెల్లవారుజామున లేచి, పొగలో కూర్చుని, వచ్చిన ప్రతి ఒక్కరినీ పలకరించి, ఆశీర్వదించి అలసిపోయి ఉంటారు. అలాంటి స్థితిలో వెళ్తే అన్ని వేలు పోసి నిద్రపోవడానికి వెళ్ళినట్టే. మధ్యలో రెండు రోజులు విశ్రాంతి తీసుకోనివ్వండి. శని, ఆదివారాలు కాకుండా వారం మధ్యలో పెట్టుకుంటే ధర కూడా తగ్గుతుంది, వెంకట్ గారికి కూడా అభ్యంతరం ఉండదు.

తార్నాక_వెంకట్

వారం మధ్యలో అయితే నేను కూడా ఒప్పుకుంటాను. ఇద్దరికీ బస, అదే రోజు మధ్యాహ్నం మిగతా వాళ్ళందరికీ హై టీ. అలా చేస్తే అందరూ చూసినట్టూ ఉంటుంది, రాత్రికి వాళ్ళిద్దరినీ ప్రశాంతంగా వదిలేసినట్టూ ఉంటుంది.

సైదాబాద్_శ్రావణి

ఇంట్లో మాట్లాడాం. వెంకట్ గారు చెప్పిన పద్ధతే ఖాయం చేశాం. షష్టిపూర్తి తర్వాత మూడో రోజు బుధవారం వస్తుంది. మధ్యాహ్నం అందరం ప్యాలెస్‌లో హై టీ ఇచ్చే జేడ్ రూమ్‌లో టీ తాగి, సాయంత్రం గదులు చూపించే నడక మొదలయ్యే వేళకి మేమంతా ఇంటికి వచ్చేస్తాం. అమ్మానాన్న ఉంటారు. మరి అమ్మ మోకాళ్ళ సంగతి? ఆ పాలరాతి మెట్లు ఎక్కగలదా అని భయం.

నల్లకుంట_లక్ష్మి

మా అత్తగారికీ అదే బాధ. బుకింగ్ మెయిల్‌లో మూడు విషయాలు రాయి: మెట్లు తక్కువ ఎక్కాల్సి వచ్చే గది కావాలని, స్నానాల గదిలో పట్టుకునే కడ్డీ ఉండాలని, చక్రాల కుర్చీ సిద్ధంగా ఉంచమని. బగ్గీ మెట్టు కాస్త ఎత్తుగా ఉంటుంది, ఎక్కలేకపోతే చిన్న బ్యాటరీ బండి పంపమని అడుగు. గదులు చూసేటప్పుడు ఎక్కువసేపు నిలబడాల్సి వస్తుంది, అమ్మకి మధ్య మధ్యలో కూర్చునే వీలు కావాలని ముందే చెప్పు. అడగడానికి మొహమాటపడకు. పాత చీరల్లో బరువైన పట్టుచీర వద్దు, నడవటానికి తేలిగ్గా ఉండే గద్వాల్ కట్టుకోమను.

యూసుఫ్_మొఘల్‌పురా

బుధవారం అయితే ట్రాఫిక్‌కి భయం లేదక్కా. మీరు తిరిగి వెళ్ళేది ఇఫ్తార్ వేళ అవుతుంది కాబట్టి ఇంజన్ బౌలి నుంచి మళ్ళీ చాంద్రాయణగుట్ట వైపే తిరగండి, శాలిబండ మీదుగా వద్దు. పిల్లలు ఎవరైనా హలీం కావాలని గొడవ పెడితే కారు ఆ రద్దీలోకి తీసుకురాకండి, నాకు ఇక్కడ మెసేజ్ పెట్టండి. వేడి వేడి డబ్బా పట్టుకుని నేనే చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ కింద నిలబడతాను.